తనంతట తానే బిగుసుకునే బూటు నాయనకు తెప్పించాలా, వద్దా?

తిరుచానూరు_బాబు • శనివారం, ఉదయం 7:10
అందరికీ నమస్కారం. విషయం చిన్నదే గానీ మా ఇంట్లో వారం నుంచి దీని మీదే రభస. మా నాయనకు 71. షుగరు పద్దెనిమిదేళ్ళుగా ఉంది, మోకాళ్ళు అరిగినాయి. పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ లోపల రెండు చుట్లు నడవనిదే కాఫీ ముట్టడు. చెప్పులతో నడవొద్దు, కాలికి పట్టుండే బూటే వెయ్యమన్నాడు డాక్టరు. నాయన వంగి లేసు కట్టుకోలేడు. అమ్మ కట్టబోతే కాలు వెనక్కి లాక్కుంటాడు, "ఇంకొకరి చేత బూట్లు తొడిగించుకునే గతి పట్టిందా నాకు" అని.

అమెరికాలో ఉండే మా బామ్మర్ది దగ్గర నైకీ హైపర్‌అడాప్ట్ ఒక జత ఉంది, 2016 మోడలు. కాలు దూర్చి మడమ ఆనిస్తే చాలు, అడుగున ఉండే మోటారు తీగల్ని లాగి తనే బిగిస్తుంది. అప్పట్లో 720 డాలర్లు, మన లెక్కలో 48 వేలకు పైమాటే. నాలుగు సార్లు వేసి పక్కన పడేసినాడు, ఊరికే ఇస్తానంటాడు. తెప్పించేదా?

కాణిపాకం_కుర్రోడు • 7:22
గుడి దగ్గర వదిలితే బూట్లు పోతాయి, ఛార్జరు మిగుల్తుంది అన్నా.

పలమనేరు_శీనా • 7:31
సైజెంత?

కుట్టుమిషను • 7:58
తెప్పించొద్దు బాబూ. తడ వైపు ఒక బూట్ల కంపెనీలో ఏడేళ్ళు లైను మీద పైభాగాలు కుట్టినదాన్ని, ఊరికే చెప్పట్లేదు. ఆ మోటారు ఎప్పుడు ఆగుతుందో తెలుసా? తీగ బిగిసే కొద్దీ మోటారు మీద భారం పెరుగుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇంత దాటితే ఆగు అని లోపల ముందే రాసిపెట్టి ఉంటారు. అంటే దానికి తెలిసేది తీగ బిగువు. కాలి నొప్పి దానికేం తెలుసు? మామూలు మనిషికైతే పరవాలేదు, బిగువైతే కాలే చెప్తుంది. పద్దెనిమిదేళ్ళ షుగరుకి స్పర్శ తగ్గిన కాలు చెప్పదు. ఇటు మోటారుకీ తెలియక, అటు కాలికీ తెలియక, మధ్యలో పుండు పడుతుంది.

ఎంసీఆర్ చెప్పులు అడగండి, మెత్తటి రబ్బరు అడుగు, వెనక పట్టీ, వెల్క్రో. వెయ్యి, రెండు వేలల్లో అయిపోతుంది.

అలిపిరి_3550 • 8:40
అక్కా, నీ లెక్కన బీపీ మిషను కూడా పారెయ్యాలి. పట్టీ తనంతట తానే ఉబ్బుతుంది, తనంతట తానే ఆగుతుంది. దాన్ని నమ్మే గదా నెలనెలా మాత్రలు మింగుతుండాం! కాలి దగ్గరికి వచ్చేసరికి మోటారు దెయ్యమైపోయిందా?

ఇంకో మాట. లేసు పొద్దున ఒకసారి కడితే సాయంత్రం దాకా అదే ముడి. నడిచే కొద్దీ కాలు వాస్తుంది, ఎవరూ నడిదారిలో కూర్చుని విప్పి కట్టరు. దీనికైతే పక్కన రెండు బొత్తాలుంటాయి, ఒకటి బిగించేది, ఒకటి వదులు చేసేది. 2019లో వచ్చిన అడాప్ట్ బీబీ అనే బాస్కెట్‌బాల్ బూటు కథంతా అదే: ఆట ఆగినప్పుడు వదులు, మళ్ళీ మొదలైతే బిగువు. షుగరు కాలికి ఇంతకన్నా పనికొచ్చేది ఏముంది?

కుట్టుమిషను • 8:52
బీపీ పట్టీ కాసేపటికి గాలి వదిలేస్తుంది. బూటు గంటసేపు పట్టుకునే ఉంటుంది. రెండూ ఒకటేనా?

నువ్వే చెప్పిన ఆ 2019 బూటు తీగ 32 పౌండ్ల బలంతో లాగుతుందని కంపెనీయే చెప్పుకుంది. పద్నాలుగు కిలోల పైన. స్పర్శ లేని కాలి మీద పద్నాలుగు కిలోలు!

ఫిజిక్స్_సార్_రిటైర్డ్ • 9:15
చిన్న సవరణ. ఆ లెక్క తీగ ఎంతవరకు లాగగలదన్నది. పాదం మీద పడే ఒత్తిడి అది ఎంత మేరకు పరుచుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. రెంటినీ కలిపెయ్యకండి.

నా అసలు అభ్యంతరం వేరే. "తనంతట తానే" అని శీర్షిక పెట్టినారు. వేసుకునేటప్పుడు సరే, మడమ ఆనగానే బిగుస్తుంది. విప్పేటప్పుడు బొత్తం నొక్కాలి గదా? బొత్తం ఎక్కడ ఉంది? బూటు పక్కన. అంటే వంగాలి. వంగలేని మనిషికే గదా ఈ బూటు?

అలిపిరి_3550 • 9:21
కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుంటే బొత్తం చేతికి వస్తుంది సార్.

ఫిజిక్స్_సార్_రిటైర్డ్ • 9:24
మోకాలు అరిగినవాడు కాలు మీద కాలు వేస్తాడా?

కాణిపాకం_కుర్రోడు • 9:26
వాకింగ్ కర్రతో నొక్కితే పోలా.

ఫిజిక్స్_సార్_రిటైర్డ్ • 9:33
బొత్తాలు రెండూ దగ్గర దగ్గర. కర్ర రవ్వంత జారితే వదులు కావాల్సింది బిగుస్తుంది. నేను ఒప్పుకోను.

మదనపల్లె_టమోటా • 9:50
ఆ బూట్ల యాప్ తీసేసినారు గదా 2024లో? 2019లో ఆండ్రాయిడ్ అప్‌డేట్ వచ్చినప్పుడే కొందరి బూట్లు ఫోన్‌కి కలవకుండా మొరాయించినాయి. బూటుకి అప్‌డేట్ ఏందప్పా! మా జేజి చెప్పుల్ని మెట్లు అనేది. ఆమె మెట్లు ఏ అప్‌డేటూ లేకుండా పదేళ్ళు వచ్చినాయి.

అలిపిరి_3550 • 9:58
యాప్ ఉండేది అడాప్ట్‌కి. బాబు అడిగింది హైపర్‌అడాప్ట్, దానికి యాపే లేదు, బొత్తాలే. చదివి రాయండి సామీ.

మదనపల్లె_టమోటా • 10:02
ఏదో ఒకటి. బ్యాటరీ అయితే ఉంది గదా. 2016 బ్యాటరీ ఇప్పుడు ఎన్ని రోజులు నిలుస్తుంది? బిగుసుకున్నాక నడిదారిలో చచ్చిపోతే నాయన బూటుతోనే పడుకోవాల.

తిరుచానూరు_బాబు • 10:30
ఈ ప్రశ్న నాకూ ఉంది. బామ్మర్దిని అడిగితే "ఛార్జి పెట్టి చాన్నాళ్ళయింది" అన్నాడు.

పలమనేరు_శీనా • 10:34
సైజు చెప్పలేదు అన్నా.

ఫిజిక్స్_సార్_రిటైర్డ్ • 11:05
ఈ బిగించే పరికరాల చరిత్రే తమాషా. జిప్పు 1893లో అమెరికావాడు విట్‌కూమ్ జడ్సన్ మొదట బూట్ల కోసమే తలపెట్టినాడు, చివరికి ప్యాంటుకి చేరింది. వెల్క్రో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్‌ది. 1941లో కుక్కతో షికారు పోయి వస్తే దాని బొచ్చు నిండా ముళ్ళకాయలు, మన పంచెకు ఉత్తరేణి గింజలు అంటుకున్నట్టు. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి కొక్కేలు చూసినాడు. తిప్పితే బిగిసే బిళ్ళ బోవా కంపెనీది. దానికి బ్యాటరీ లేదు, యాప్ లేదు. బాబూ, నువ్వు ఆ బిళ్ళ బూటు ఎందుకు చూడకూడదు?

అలిపిరి_3550 • 11:20
బిళ్ళ తిప్పాలన్నా వంగాలి గదా సార్. ఇందాక మీరే గదా వంగకూడదన్నది!

వెల్క్రో గురించి చెప్పేవాళ్ళకు ఒక మాట. ఆర్నెల్లకు దాని నిండా వెంట్రుకలు, నూలు పోగులు చేరి పట్టు పోతుంది. దువ్వెనతో గీకుతూ కూర్చోవాలి. అది కూడా రెండు చేతులున్న వాళ్ళ పని.

కుట్టుమిషను • 11:41
వెల్క్రో కాకపోతే మార్పిస్తాం. బస్టాండు ముందు కూర్చునే చెప్పులు కుట్టే తాతకిస్తే అరగంటలో కొత్త పట్టీ వేసిస్తాడు. నీ మోటారు బూటు చెడితే తిరుపతిలో ఎవరు విప్పుతారు? నేను అడిగేది ఒకటే, చెడిన రోజు ఎవరి దగ్గరికి పోవాలి? ఎవరూ చెప్పరు. యెచ్చులకు పోయి ముసలాయన కాలు పాడు చేస్తారు.

అలిపిరి_3550 • 11:49
యెచ్చులు ఎవరివి? లైను మీద ఏడేళ్ళు కుట్టినంత మాత్రాన ప్రపంచంలో ప్రతి కాలూ నీకు తెలిసినట్టు మాట్లాడుతుండావు. కుట్టినదానివి నువ్వు, వేసుకునేది వాళ్ళు. పక్కన నిలబడి వద్దు వద్దు అనేది సులువే.

కుట్టుమిషను • 11:53
పక్కన నిలబడిందాన్ని కాదు. కింద కూర్చున్నదాన్ని.

మా నాయనకూ షుగరే. పొద్దున ఆరుకల్లా నేనే చెప్పుల పట్టీ బిగించేదాన్ని. షిఫ్టు బస్సు ఆరుంబావుకి. ఒకరోజు తొందరలో కొంచెం గట్టిగా లాగినాను. ఆయన ఏమీ అనలేదు, తెలిస్తే గదా. ఇంకో రెండు రోజులు అట్లాగే కట్టినాను, పాదం తిప్పి చూడలేదు. నాలుగో రోజు సాక్సు తీస్తే అంటుకుని వచ్చింది. రెండు వేళ్ళు తీసేసినారు. నేను బిగించిందే అది. మోటారు కాదు, నేను. అందుకే చెప్తుండా, బిగించేవాళ్ళు రోజూ పాదం పట్టుకుని చూడాలి. మనిషి కట్టకపోతే మనిషి చూడడు. ఆ మోటారు వచ్చిందంటే ఇంట్లో ఎవరూ ఆయన కాలి జోలికే పోరు.

వేదిక_నిర్వాహకుడు • 12:04
అందరూ కాస్త నెమ్మదిగా. వ్యక్తిగతంగా పోవద్దు.

ఫిజిక్స్_సార్_రిటైర్డ్ • 12:20
వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలు చూసి చెప్పింది కూడా ఇదేనమ్మా. పుండ్లు పడేది నొప్పి తెలియకపోవడం వల్లనని. మీ తప్పేమీ లేదు.

(బొత్తం విషయంలో మాత్రం నా మాట నాదే.)

అలిపిరి_3550 • 1:37
అక్కా, ఆ మాట అని ఉండకూడదు. తప్పైంది.

నా సంగతీ చెప్తా. లేత్ మిషను మీద కుడిచెయ్యి పోయి పదకొండేళ్ళు. మణికట్టు దాకా లేదు. మెట్లెక్కి కొండకు పోయేటప్పుడు చెప్పులు అక్కర్లేదు, ఆ 3550 మెట్లే నేను ఎవరి సాయమూ లేకుండా పోయే దారి. అందుకే ఆ పేరు పెట్టుకున్నా. డ్యూటీకి బూటు వెయ్యాల్సిందే. మా ఆమె కడుతుంది. ఒక్కరోజు విసుక్కోలేదు. ఆమె విసుక్కోదు గాబట్టే నాకు కష్టం. గొడవపడిన రోజు కూడా వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ఆ రోజు నాకు అన్నం దిగదు.

2012లో అమెరికాలో మాథ్యూ వాల్జర్ అని ఒక కుర్రోడు, సెరిబ్రల్ పాల్సీ (కండరాలు స్వాధీనంలో ఉండని స్థితి), నైకీకి ఉత్తరం రాసినాడు. కాలేజీకి పోబోతున్నాను, రోజూ ఎవరో ఒకరు వచ్చి లేసు కట్టాలన్న బెంగ లేకుండా పోవాలి అని. దాని మీద పనిచేసి 2015లో ఫ్లైఈజ్ బూటు తెచ్చినారు, వెనక నుంచి జిప్పు తిరిగేది. మోటారు లేదు, ఏమీ లేదు. 2021లో ఇంకోటి, నడుమ మడత పడుతుంది, కాలు దూర్చి తొక్కితే మూసుకుంటుంది, విప్పడానికి ఇంకో కాలితో మడమ తొక్కితే చాలు. అసలు చెయ్యే అక్కర్లేదు. సార్ అడిగిన బొత్తం బాధా లేదు.

బాబు వాళ్ళ నాయన కాలు వెనక్కి లాక్కున్నాడంటే నాకు అర్థమైంది. మీరంతా బిగువు లెక్క చూస్తుండారు.

కుట్టుమిషను • 2:10
అర్థమైంది అన్నా. కానీ నువ్వు కాలివేళ్ళు ఆడించగలవు, నీ కాలికి నొప్పి తెలుసు. ఆయన కాలికి తెలియదు. నీకు కావాల్సింది, ఆయనకు కావాల్సింది ఒకటి కాదు.

అలిపిరి_3550 • 2:18
ఆయన అడగలేదు గదా అక్కా, చూడమని. నేలమీద అద్దం పెట్టుకుంటే అరికాలు ఎవరికి వారే చూసుకోవచ్చు.

కుట్టుమిషను • 2:25
అద్దంలో అరికాలు కనపడుతుంది. బూటులోపల రాయి కనపడదు. వేసే ముందు చెయ్యి పెట్టి తడమాల్సిందే.

అలిపిరి_3550 • 2:27
ఆయన చెయ్యే పెట్టుకోవచ్చు గదా. బూటు ఒళ్ళో పెట్టుకుంటే వంగే పని లేదు.

కుట్టుమిషను • 2:40
అది చేస్తే సరే.

తిరుచానూరు_బాబు • రాత్రి 8:15
మధ్యాహ్నం నాయనకు ఇదంతా చదివి వినిపించినా. మోటారు సంగతి వచ్చినప్పుడు నవ్వినాడు. కుట్టుమిషను అక్క రాసింది చదివినాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమె వాళ్ళ నాయన ఇప్పుడెట్లా ఉన్నాడో అడగమన్నాడు. సాయంత్రం అమ్మ సాక్సు తీస్తే కాలు లాక్కోలేదు. లేసు కట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు.

కుట్టుమిషను • 8:31
బాగున్నాడని చెప్పు బాబూ. వీధి చివరి టీకొట్టు దాకా పోయి వస్తాడు. పట్టీ ఇప్పుడు ఆయనే వేసుకుంటాడు, వదులుగానే. నేను పాదం మాత్రం చూస్తా.

పలమనేరు_శీనా • 8:44
అన్నా, సైజు.

తిరుచానూరు_బాబు • 8:50
బామ్మర్దిది తొమ్మిది. నాయనది ఏడు.

కాణిపాకం_కుర్రోడు • 8:51
😂