నాలుగు అంగుళాల పైపుకు 40కి 1 స్లోపు ఇచ్చినా ఎందుకు అడ్డుపడుతోంది?

భీమవరం_కొత్తిల్లు: బాత్రూము నుంచి పెరటి ఛాంబర్ (మూత ఉన్న మురుగు తొట్టి) దాకా 30 అడుగులు, 110 మి.మీ. పీవీసీ పైపు. గృహప్రవేశం అయినప్పటి నుంచి మాటిమాటికీ అడ్డుపడుతోంది. కాంట్రాక్టరేమో "ఈ చివరికీ ఆ చివరికీ 9 అంగుళాల పల్లం ఇచ్చాను, 40కి 1 సరిపోయింది" అంటారు, అంటే 40 అంగుళాల పొడవుకు 1 అంగుళం పల్లం. ట్యూబ్ లెవెల్‌తో (నీళ్లు నింపిన మట్టం గొట్టం) కొలిపించాను, 9 అంగుళాలు నిజమే. మరి లోపం ఎక్కడ?

లెక్కల_మాస్టారు: 30 అడుగులంటే 360 అంగుళాలు. 9ని 360తో భాగిస్తే 0.025, అంటే సుమారు 1.43 డిగ్రీల కోణం. అయితే ఆ 30 అడుగులు పైపు వెంట కొలిచారా, నేల మట్టంగా కొలిచారా? పైపు పొడవు కర్ణం. కర్ణంతో భాగిస్తే వచ్చేది సైన్. వాలు అంటే టాంజెంట్, అంటే దిగిన ఎత్తును నేల మట్టపు పొడవుతో భాగించాలి. ముందు ఇది తేలాలి.

సైటు_సూపర్‌వైజర్: మాస్టారూ, ఇంత తక్కువ వాలులో ఆ రెండు కొలతల తేడా 30 అడుగులకు 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. టేపు సాగినా అంత తేడా వస్తుంది. ఆయన పైపు అడ్డుపడేది దానివల్ల కాదు.

గోదారి_గట్టు: 20కి 1 ఇస్తే పోయేది కదా. ఎంత వాలు ఉంటే అంత మంచిది.

మేడమీద_గది: వాలు ఎక్కువైతే నీళ్లు ముందు జారిపోయి మలం వెనుక ఉండిపోతుందని మా మేస్త్రి అంటారు.

సైటు_సూపర్‌వైజర్: 20కి 1 ఇస్తే అదే 30 అడుగులకు 18 అంగుళాలు దిగాలి. డెల్టా ఊళ్లలో వీధి కాలువ అడుగు ఇంటి నేలకు ఎంత కింద ఉంటుందో చూశారా? ఛాంబర్ అడుగు కాలువ కంటే కిందికి పోతే నీరు ఎటు పోవాలి? పైగా వాలు నాలుగింతలు చేసినా నీటి వేగం రెండింతలే అవుతుంది, అది వర్గమూలం లెక్క. నాలుగు అంగుళాల పైపుకు 40కి 1, ఆరు అంగుళాలకు 60కి 1 అన్నది పాతకాలం నుంచి వస్తున్న లెక్క. నీరు మురికిని తనతో లాక్కుపోవాలంటే సెకనుకు ముప్పావు మీటరు వేగం ఉండాలి. 40కి 1 దానికి బాగా చాలు.

లెక్కల_మాస్టారు: చిన్న తేడా అని వదిలేయడం ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. మా డాబా మీద వాన నీరు నిలుస్తుంటే "స్లోపు ఉంది సార్, కంటితో చూసి వేశాం" అన్నారు. కంటితో చూసి! ఇప్పుడు కింది గది గోడ చెమ్మ పట్టింది. సైన్‌కూ టాంజెంట్‌కూ తేడా అక్కరలేదన్నవారు రేపు మట్టం కర్ర కూడా అక్కరలేదంటారు.

సైటు_సూపర్‌వైజర్: మీ డాబా వేసింది నేను కాదు. వానలో కందకంలో నిలబడి పైపు పరిచేవాళ్లకు లెక్క రాదని మీరు తేల్చేశారు. ఆ మాట నాకు నచ్చలేదు. ట్యూబ్ లెవెల్ పట్టే మేస్త్రికి వాలు చేతిలో ఉంటుంది.

లెక్కల_మాస్టారు: చేతిలో ఉంటే రెండు చివరలే కొలిచి ఊరుకుంటారా? ఏ రెండు బిందువులు తీసుకున్నా వాలు ఒక్కటే అయితేనే అది సరళరేఖ. చివరల మధ్య 9 అంగుళాలు ఉన్నంత మాత్రాన మధ్యలో పైపు తిన్నగా ఉందని రుజువు కాదు. మొదట 7 అంగుళాలు దిగి, ఆ తరువాత అర అంగుళం పైకి లేచి, మళ్లీ రెండున్నర దిగినా మొత్తం 9 అంగుళాలే. ఆ కాంట్రాక్టరు చూపిస్తున్నది సగటు వాలు. నీరు సగటు మీద నడవదు.

సైటు_సూపర్‌వైజర్: ఈ మాట మొదటే చెప్పి ఉంటే గొడవే లేదు. మేం దాన్ని పైపు కూర్చుందని అంటాం. కింద ఇసుక పరిచి దిమ్మిస చేయకుండా వదులు మట్టి మీద వేస్తే పైపు అక్కడ కుంగుతుంది. కొత్తిల్లు గారూ, అద్దం పెట్టి చూశారా?

భీమవరం_కొత్తిల్లు: ఈరోజు చూశాం. ఛాంబర్ మూత తీసి అద్దం పెట్టి, అవతలి చివర టార్చి వేయించాను. వెలుగు పూర్తి గుండ్రంగా లేదు, సగమే కనిపిస్తోంది. మధ్యలో పాత గొయ్యి పూడ్చిన చోటు ఉంది. కాంట్రాక్టరు మాత్రం "9 అంగుళాలు ఇస్తానన్నాను, ఇచ్చాను" అంటారు.

గోదారి_గట్టు: ఒప్పుకున్నది ఇచ్చారు కదా మరి.

లెక్కల_మాస్టారు: ఒప్పుకున్నది వాలు. వాలు ప్రతి చోటా ఉండాలి. ఖర్చు ఆయనదే.

సైటు_సూపర్‌వైజర్: అంత సులువుగా అనకండి. టైల్స్ వాళ్లు వచ్చేస్తున్నారు, పూడ్చేయండని తొందరపెట్టేది చాలా చోట్ల ఇంటివాళ్లే. నీళ్లు పోసి చూస్తామంటే ఆగరు.

భీమవరం_కొత్తిల్లు: నేను తొందరపెట్టలేదు. మట్టి కప్పేటప్పుడు నన్ను పిలవలేదు కూడా.

సైటు_సూపర్‌వైజర్: అలాగైతే ఆయనే తవ్వి వేయాలి. పైపు మొత్తం తీయించకండి, కుంగిన ముక్క చాలు. ప్రతి 5 అడుగులకూ అంగుళంన్నర దిగుతోందో లేదో మీ కళ్ల ముందే కొలిపించండి, తరువాతే మట్టి.