కువైట్‌కు కొత్తగా వచ్చినవారు అరబీ ఎక్కడ మొదలుపెట్టాలి?

నమస్కారం. ఆఫీసులో అందరికీ హిందీయో ఇంగ్లీషో వస్తున్నప్పుడు అరబీ అవసరమా, అవసరమైతే మాట్లాడటం వస్తే చాలదా అని మీరు అడిగారు. అవసరమే. అయితే ఇక్కడ చాలామంది చెప్పేదానికి భిన్నంగా, మాటకంటే ముందు చదువుతో మొదలుపెట్టమని నా సలహా.

దీనికి మొదటి కారణం మీరు సంతకం పెట్టిన ఉద్యోగ ఒప్పందమే. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు రంగంలో ఒప్పందాలు అరబీలో ఉండాలి. పక్కన మరో భాషలో అనువాదం చేర్చవచ్చు గాని, తగాదా వచ్చినప్పుడు చెల్లేది అరబీ పాఠమే. అందులో రాతిబ్ అంటే జీతం, ఇజాజా అంటే సెలవు, ముద్దా అంటే గడువు. ఈ మూడు మాటలూ కాగితంమీద ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపగలిగినవారికి, అడగవలసిన ప్రశ్న అడిగే ధైర్యం వస్తుంది.

అక్షరాలకంటే ముందు అంకెలు నేర్చుకోండి. అరబీ రాతలో సున్న ఒక చుక్క మాత్రమే. మన కంటికి సున్నలా గుండ్రంగా కనిపించేది అయిదు. నూట యాభై దినార్లని రాసినచోట నిలువు గీత, దాని పక్కన గుండ్రం, ఆ తర్వాత చుక్క ఉంటాయి కనుక, అలవాటు లేనివారు దాన్ని పది అనుకునే ప్రమాదం ఉంది. లిపి కుడి నుంచి ఎడమకు సాగినా అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికే రాస్తారు. పలికేటప్పుడు మాత్రం ఒకట్లు ముందు వస్తాయి: ఇరవై అయిదును "ఖమ్సా వ ఇష్రీన్", అంటే అయిదూ ఇరవై అంటారు.

అక్షరాలు ఇరవై ఎనిమిది. ఆరు అక్షరాలు తమ తర్వాతి అక్షరంతో కలవవు. తక్కినవి పదం మొదట, మధ్య, చివర వేర్వేరు ఆకారాల్లో కనిపిస్తాయి. చాలా అక్షరాలకు ప్రాణం చుక్కల్లోనే ఉంది కాబట్టి రోజూ చేత్తో రాయండి. చిన్నప్పుడు ఖురాన్ చదవడం నేర్చుకున్నవారికి ఈ దశ దాదాపు పూర్తయినట్టే. అయితే అక్కడ హ్రస్వాచ్చుల గుర్తులు ఉంటాయి, వార్తాపత్రికలోనూ ఒప్పందంలోనూ ఉండవు. పదం ముందే తెలిస్తే తప్ప దాన్ని సరిగా పలకలేకపోవడమే అరబీ చదువులో అసలు కష్టం.

ఆ కష్టాన్ని తగ్గించేది ధాతువు, అంటే ఒక పదాల కుటుంబానికి మూలమైన హల్లుల కూర్పు. ఐన్, మీమ్, లామ్ అనే మూడు హల్లులు చూడండి: అమల్ అంటే పని, ఆమిల్ పనివాడు, ఉమ్మాల్ పనివారు, ముఆమలా ప్రభుత్వ ఆఫీసులో నడిచే కాగితాల వ్యవహారం, ఉమ్లా ఒక దేశపు ద్రవ్యం. మనం రోజూ అనే అమలు, మామూలు కూడా ఈ కుదురులోవే. పదాలను విడివిడిగా బట్టీ పట్టకుండా ఇలా కుటుంబాలుగా రాసుకుంటే, కొన్నాళ్లకు ఎన్నడూ చూడని పదానికి కూడా అర్థం ఊహించగలుగుతారు. ఈ భాషలో నాకు అన్నిటికంటే ప్రీతికరమైనది ఇదే.

తెలుగు లిపిలో అరబీ రాసుకునే అలవాటును త్వరగా మానండి. అరబీలో వేర్వేరుగా ఉన్న రెండు హ-లు, రెండు స-లు, రెండు త-లు మన లిపిలో ఒక్కటైపోతాయి. గొంతులోంచి వచ్చే ఐన్‌కు మనకు అక్షరమే లేదు.

పుస్తకం కావాలంటే, తమిళనాడులోని వాణియంబాడికి చెందిన వి. అబ్దుర్ రహీమ్ మదీనా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో అరబ్బేతర విద్యార్థులకోసం రూపొందించిన పాఠాలు మంచివి. "ఇది ఏమిటి? ఇది ఇల్లు" అనే వాక్యాలతో మొదలై, వ్యాకరణం భారం తెలియకుండా నడుస్తాయి. అవి నేర్పేది ఫుస్‌హా, అంటే గ్రంథాలలో, వార్తలలో, చట్టాలలో వాడే ప్రామాణిక భాష. పదో శతాబ్దపు ముతనబ్బీ కవితకైనా, నేటి ప్రభుత్వ ప్రకటనకైనా దారి అదే.

వీధి భాష వేరు. "ఇప్పుడు" అనడానికి ఫుస్‌హాలో "అల్ఆన్", కువైటీలు "అల్‌హీన్", ఈజిప్టువారు "దిల్‌వఅతీ", సిరియావారు "హల్లా" అంటారు. ఒకే ఆఫీసులో ఈ నాలుగూ వినిపించవచ్చు. అన్నీ అర్థం చేసుకోవడానికి ప్రయత్నించండి, మాట్లాడటానికి మాత్రం కువైటీని ఎంచుకోండి.

—

పై సమాధానానికి ఒక చేర్పు. అన్నగారు చెప్పినట్టు చదువు ముఖ్యమే గాని, మీ భార్య కూడా త్వరలో వస్తున్నారని రాశారు కనుక మాట గురించి కొంచెం చెబుతాను. మన కార్మికుల మధ్య నడిచే "మాఫీ మాలూం" (తెలియదు) తరహా అరబీతో అంగడి పని జరిగిపోతుంది, కాని అందులో ఆడ, మగ తేడా ఉండదు. కువైటీలో మగవారిని "శ్లోనక్" అని, ఆడవారిని "శ్లోనిచ్" అని పలకరిస్తారు. ఆ చివరి "చ్" వినగానే పొరుగు స్త్రీల ముఖంలో ఆదరం కనిపిస్తుంది. "లేదు" అనడానికి మనవారి "మాఫీ" బదులు వారు "మాకు" అంటారు, "తెలియదు" అనడానికి "మా అద్రీ" అంటారు. పిల్లల కార్టూన్లు ఎక్కువగా ఫుస్‌హాలోనే వస్తాయి, మాటలు స్పష్టంగా ఉంటాయి. ఇద్దరూ కలిసి రోజూ కాసేపు వాటిని చూడండి, విన్న వాక్యాన్ని ఆపి పైకి పలకండి.