ఏ బటన్ నొక్కినా బరంపురమే!

పర్లాకిమిడి నుంచి:
అందరికీ నమస్కారం. మా బస్సుల బోర్డులు ఒడియాలో ఉంటాయి, అమ్మమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు. ఆవిడ కోసం జావాస్క్రిప్ట్‌తో చిన్న పేజీ చేస్తున్నాను. పాతపట్నం, గుణుపురం, రాయగడ, బరంపురం అని నాలుగు బటన్లు. నొక్కితే ఆ ఊరి బస్సుల టైములు రావాలి. ఒక్కో ఊరికీ అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్‌లో, లెక్క కోసం 'వార్ ఐ' పెట్టి రాస్తే ఏది నొక్కినా 'అన్‌డిఫైన్డ్' (విలువ లేదు) అంది. లూప్ లోపల 'వార్ ఊరు' అని ఇంకోటి పెట్టి పేరు అందులోకి తీసుకున్నాను. ఇప్పుడు ఏది నొక్కినా బరంపురమే! రాత్రి నుంచి ఇదే టెన్షన్. కాస్త చూడండి అన్నా.

రాయగడ నుంచి:
తమ్ముడూ, తంటా అంతా ఆ వార్‌తోనే. అది లూప్‌కి కాదు, ఫంక్షన్ మొత్తానికీ ఒక్కటే. నాలుగు బటన్ల చేతికీ నువ్విచ్చింది ఒకే పలక. చుట్టు చుట్టుకీ దాన్ని తుడిచి కొత్త అంకె రాస్తున్నావు. అమ్మమ్మ నొక్కేసరికి లూప్ ఎప్పుడో అయిపోయింది, పలక మీద 4 మిగిలింది. ఊళ్లేమో 0 నుంచి 3 దాకానే. అందుకే అన్‌డిఫైన్డ్. 'వార్ ఊరు' కథా అంతే, లోపల రాసినంత మాత్రాన అది లోపల ఉండదు. చివర రాసిన బరంపురం మిగిలిపోయింది. వార్ తీసి లెట్ పెట్టు, 2015 నుంచీ ఉన్నదే.

పర్లాకిమిడి నుంచి:
'వార్ ఊరు' తీసేసి, ఐకి లెట్ పెట్టాను. మళ్లీ అన్‌డిఫైన్డే! పైన 'లెట్ ఐ' అని ఒక లైను, కింద ఫర్‌లో ఐ సున్నా.

రాయగడ నుంచి:
అదిగో! పైన రాస్తే మళ్లీ ఒకే పలక. 'లెట్ ఐ' ఫర్ బ్రాకెట్లోనే ఉండాలి, అప్పుడే చుట్టుకో కొత్త పలక.

జయపురం నుంచి:
కుర్రాణ్ణి అనకండి, ఇది భాషలు చేసినవాళ్ల పొరపాటు. గో భాషలో 2024 ఫిబ్రవరిలో 1.22 వెర్షన్ వచ్చేదాకా ఇదే గోల. ఇప్పటికీ ప్రోగ్రాము ఏ గో వెర్షన్‌దో చెప్పే గో.మాడ్ ఫైల్లో పాత వెర్షన్ రాసి ఉంటే పాత పద్ధతే నడుస్తుంది, పాత ప్రోగ్రాములు చెడకూడదని. సీ షార్ప్ భాష 2012లో ఫోరీచ్‌ని (జాబితాలోవి ఒక్కొక్కటే తీసి ఇచ్చే లూప్) సరిచేసి, మామూలు ఫర్‌ని అలాగే వదిలేసింది. పైథాన్ మాత్రం మారలేదు, అక్కడ లాంబ్డాకి (పేరు లేని చిన్న ఫంక్షన్) 'ఐ ఈక్వల్ టు ఐ' అని డిఫాల్ట్ ఇచ్చి అప్పటి విలువ దాచుకోవాల్సిందే.

రాయగడ నుంచి:
సీ షార్ప్ చేసింది సబబే కదండీ? ఫర్‌లో ఐని పెంచేది మనమే, ఒకటే ఉందనుకోవడం సహజం. ఫోరీచ్‌లో అలా ఎవరనుకుంటారు?

పర్లాకిమిడి నుంచి:
పనిచేసింది అన్నా! గుణుపురం నొక్కితే గుణుపురమే. అమ్మమ్మ రైలు టైము కూడా పెట్టమంటోంది.