నైట్ డ్యూటీలో రాసిన నోట్స్ మళ్లీ రాసియ్యమంటున్నరు, రాయొచ్చా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
నమస్తే అందరికి. నేను ప్రైవేట్ హాస్పిటల్ ల స్టాఫ్ నర్స్ ని, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన, కరీంనగర్ సైడ్. హాస్పిటల్ పేరు అడగకున్రి. మొన్న నైట్ ల వాంతులు విరేచనాలతోని అడ్మిట్ అయిన పెద్దాయనకి రక్తంల పొటాషియం బాగ తక్కువ, 2.6 వచ్చింది. కన్సల్టెంట్ సార్ కి ఫోన్ చేస్తే "కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) ఒక యాంపూల్ స్లోగా ఐవీ ఇచ్చెయ్" అన్నరు, డైల్యూట్ చేసి డ్రిప్ లనే కద సార్ అంటే "నాకు నేర్పుతున్నవా" అని ఫోన్ పెట్టేసిన్రు. నేను ఇయ్యలే. క్యాజువాలిటీల ఉన్న డ్యూటీ డాక్టర్ ని పిలిస్తే ఆయన వచ్చి 500 ఎంఎల్ సెలైన్ ల ఒక యాంపూల్ కలిపి, 4 గంటలు అని కేస్ షీట్ ల రాసి సంతకం పెట్టిన్రు, అట్లనే పెట్టిన. ఫోన్ ఆర్డర్ ఏమొచ్చింది, ఎవరిని అడిగిన, ఎన్నింటికి స్టార్ట్ చేసిన అన్నీ నర్సెస్ నోట్స్ ల టైం తోని రాసిన. తెల్లారగట్ల చెయ్యి వాచిందంటే లైన్ తీసేసి వేరే చేతికి పెట్టిన, అది కూడా రాసిన.

పొద్దుగాల కొడుకులొచ్చి చెయ్యి చూసి లొల్లి పెట్టిన్రు, డ్రిప్ పెట్టనీకి గంటన్నర లేట్ ఎందుకైంది, కన్స్యూమర్ కోర్టుకు పోతం అని. ఇప్పుడు మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం ఏమంటున్నదంటే ఆ ఫోన్ ఆర్డర్ లైన్ లేకుండ షీట్ మొత్తం కొత్తగ రాసియ్యి, పాతది తీసేస్తం, ఫైల్ నీట్ గ ఉంటది అని. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరనే ఉన్నయి. ఏం చెయ్యాలె?

ఐసీయూ_వైజాగ్:
రాసేయండి సిస్టర్, గొడవెందుకు. పేషెంట్ బానే ఉన్నాడుగా. మన దగ్గర షీట్లు మళ్లీ రాయని హాస్పిటల్ ఏదో చెప్పండి చూద్దాం. మేనేజ్‌మెంట్ తో పెట్టుకుంటే రేపు ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇవ్వరు.

రిటైర్డ్_హెడ్‌నర్స్_గుంటూరు:
పై కామెంట్ చూసి ఆగలేక రాస్తున్నా. అమ్మాయ్, రాయొద్దు. ముందు ఒక మాట, ఆ రాత్రి నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు, కేసీఎల్ యాంపూల్ అంటే 10 ఎంఎల్ లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు, దాన్ని డైల్యూట్ చెయ్యకుండా సిరంజితో తోస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోవచ్చు, ఎంత స్లోగా తోసినా సరే, డైల్యూట్ చెయ్యాలని లేబుల్ మీద రాసి ఉన్నా ఎన్ని చోట్ల జరగలేదు. డాక్టర్ చెప్పారు కాబట్టి ఇచ్చానండీ అనేది మనకి రక్షణ కాదు. తెలిసి తెలిసి ప్రమాదమైన ఆర్డర్ అమలు చేస్తే చేసిన చెయ్యి మనదే. నువ్వు అడిగావు, ఆయన వినలేదు, ఇంకో డాక్టర్ని పిలిచి రాతలో తీసుకున్నావు. పద్ధతి అదే.

ఇప్పుడు ఆ ఫోన్ ఆర్డర్ లైన్ తీసేస్తే ఏమవుతుందో ఆలోచించు. గంటన్నర లేటుకి కారణం ఆ ఒక్క లైన్ లోనే ఉంది. అది పోతే షీట్ లో మిగిలేది ఏంటి? రిపోర్ట్ వచ్చింది, సిస్టర్ గంటన్నర ఏమీ చెయ్యలేదు. వాళ్లు ఫైల్ నీట్ చేస్తున్నామంటున్నారు గానీ తప్పు మొత్తం తెచ్చి నీ నెత్తిన పెడుతున్నారు తల్లీ.

ఇంకోటి, దొరక్కుండా ఉంటుందనుకోవద్దు. పేషెంట్ తాలూకు వాళ్లు బెడ్ దగ్గర వేలాడే ఫైల్ ని పేజీ పేజీ ఫోన్ లో ఫొటో తీసుకుంటున్నారు ఈ రోజుల్లో. ఫార్మసీ ఇండెంట్ (మందు తెప్పించిన చీటీ) లో టైం ఉంటుంది, డ్యూటీ డాక్టర్ గారు రాసిన టైం ఉంటుంది. నేను చూసిన ఒక ఫైల్ లో (ఎక్కడో చెప్పను) మూడు షిఫ్టుల నోట్స్ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, పైగా సంతకం పెట్టిన సిస్టర్ ఆ రోజు వీక్లీ ఆఫ్ అని రోస్టర్ లోనే ఉంది. ఇక ఆ ఫైల్ లో నిజంగా చేసిన పని కూడా ఎవడు నమ్ముతాడు.

అడ్వకేట్_విజయవాడ:
మేడమ్ గారు చెప్పింది చాలావరకు సరిపోయింది, చట్టం సంగతి కొంచెం చెప్తాను. వాపు గురించి మీరు భయపడేంత లేదు, కేసీఎల్ కి చిన్న వెయిన్స్ మంటెత్తడం, వాయడం తెలిసిన విషయమే, మీరు చూశారు, ఆపారు, రాశారు. కన్స్యూమర్ కేసు వేస్తే మామూలుగా హాస్పిటల్ మీద, డాక్టర్ మీద వేస్తారు, స్టాఫ్ చేసిన పనికి హాస్పిటలే బాధ్యత వహించాలి. 1998లో సుప్రీంకోర్టు స్ప్రింగ్ మెడోస్ కేసు చదవండి, ఢిల్లీలో ఒక పిల్లాడికి నర్సు ఐవీ ఇంజెక్షన్ ఇచ్చాక గుండె ఆగి మెదడు దెబ్బతింది, బాబుకి 12.5 లక్షలు, తల్లిదండ్రులకి 5 లక్షలు హాస్పిటలే కట్టాలన్నారు. ఆ నర్సుకి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకపోవడం కూడా హాస్పిటల్ మెడకి చుట్టుకుంది. అందుకే మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ డేట్ ఒకసారి చూసుకోండి, చాలామంది మర్చిపోతారు.

క్రిమినల్ వైపు నర్సులకి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పాత ఐపీసీ 304ఎ లో నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఎవరికైనా 2 ఏళ్ల వరకే. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106(1) కింద 5 ఏళ్ల వరకు చేశారు, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ వైద్యం చేస్తుండగా అయితే మాత్రం 2 ఏళ్ల వరకు. ఆ మాటకి అర్థం మెడికల్ రిజిస్టర్ లో పేరున్న డాక్టర్ అని అక్కడే రాశారు. నర్సులు అందులో లేరు. అంటే అదే రాత్రి, అదే పేషెంట్, అదే ఇంజెక్షన్, ఫోన్ లో చెప్పినాయనకి 2 ఏళ్ల వరకు, చేత్తో ఇచ్చినామెకి 5 ఏళ్ల వరకు. నా దృష్టిలో ఇది అన్యాయం, కానీ ప్రస్తుతానికి చట్టం అదే. అందుకే మీకు ఆ ఫోన్ ఆర్డర్ లైన్ ఎంత ముఖ్యమో చూడండి.

పాత షీట్ తీసేయడం వేరే తప్పు. కోర్టుకి వెళ్లే కాగితమని తెలిసీ మాయం చేస్తే అది విడిగా నేరం, అందులో మీ చేతిరాత ఉంటే మీరూ ఉన్నట్టే. మెడికల్ కౌన్సిల్ 2002 రెగ్యులేషన్స్ ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏళ్లు ఉంచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. పేషెంట్ వాళ్లు ఇప్పటికే కాపీ అడిగి ఉంటే షీట్ మార్చే ఆలోచనే వద్దు.

సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకునే వస్తువులు కావు, రాతపూర్వకంగా వెనక్కి అడగండి. అది మాత్రం దీంతో కలపొద్దు, విడి లెటర్ పెట్టండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
థాంక్యూ సార్, మేడం. రెండు డౌట్లు. నోట్స్ ల ఒక చోట టైం 1:40 బదులు 1:10 పడ్డది, అదన్న సరిచెయ్యొచ్చా? ఇంకోటి, షీట్ ఫొటో తీసి పెట్టుకోవచ్చా, వాళ్లు తీసేస్తే నా దగ్గర ఏముంటది?

రిటైర్డ్_హెడ్‌నర్స్_గుంటూరు:
సరిచెయ్యొచ్చు, దాచకుండా. తప్పు పడ్డ దాని మీద ఒక్క గీత, కింద అంకె కనపడాలి, పక్కన సరైన టైం, నీ సంతకం, ఈరోజు డేటు, ఇప్పటి టైం. వైట్‌నర్ వద్దు, దిద్ది లావుగా చెయ్యొద్దు. మర్చిపోయింది ఏదన్నా ఉంటే చివర్లో లేట్ ఎంట్రీ అని రాసి ఇప్పటి టైం తోనే పెట్టు, రాత్రి రాసినట్టు మధ్యలో ఇరికించొద్దు. రాసేటప్పుడు డాక్టర్ తప్పు చెప్పారు, అరిచారు లాంటివి రాయకు, ఆయన అన్న మాట, నువ్వు అడిగిన మాట, ఆ తర్వాత ఎవర్ని పిలిచావు, అంతే.

ఫొటో మాత్రం వద్దంటాను. పేషెంట్ పేరు, రిపోర్టులు నీ ఫోన్ లో ఉంటే ఇంకో గొడవ, వాట్సాప్ గ్రూప్ లో పడిందంటే అయిపోయినట్టే. దాని బదులు ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయి, పేషెంట్ పేరు కాకుండా ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్ తో. చివర్లో "నోట్స్ తిరిగి రాయమని అడిగారు, జరిగింది జరిగినట్టే రాశాను కాబట్టి మార్చలేను, అవసరమైతే లేట్ ఎంట్రీ పెడతాను" అని మర్యాదగా ఒక ముక్క. మేడం మీద కోపం చూపించొద్దు, ఆవిడ మీదా పైనుంచి ఎవరో కూర్చునే ఉంటారు.

యూకే_వార్డ్_సిస్టర్:
నేను విజయనగరం, ఇప్పుడు యూకే ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ లో. ఇక్కడైతే కేసీఎల్ యాంపూల్స్ మామూలు వార్డు స్టాక్ లోనే ఉంచరు, 2002లో అలర్ట్ వచ్చాక తీసేశారు, కలిపిన బ్యాగ్ లే వస్తాయి. ఫోన్ లో ఆర్డర్ వస్తే రాసుకుని, తిరిగి చదివి వినిపించి, అవునా అని అడగాలి. ఇండియాలో కూడా మంచి హాస్పిటల్స్ లో అదే పాలసీ, 24 గంటల్లో ఆ డాక్టర్ సంతకం పెట్టాలి అని కూడా ఉంటుంది, మీ హాస్పిటల్ మాన్యువల్ లో ఉందేమో వెతకండి, ఉంటే లెటర్ లో ఆ పేజీ నంబర్ వెయ్యండి. ఇంకా, మీరు విదేశాలకి రావాలనుకుంటున్నారా? రికార్డు మార్చినట్టు తేలితే ఇక్కడ నర్సుల రిజిస్టర్ నుంచే తీసేయగలరు.

ఐసీయూ_వైజాగ్:
106 సంగతి నాకు తెలీదు నిజంగా. అయినా జాబ్ పోతే ఎవరిస్తారండీ, అది కూడా చెప్పండి.

అడ్వకేట్_విజయవాడ:
న్యాయమైన ప్రశ్నే. పోదని గ్యారంటీ ఇవ్వలేను. కానీ లెటర్ ఇచ్చిన వారంలో తీసేస్తే ఎందుకు తీశారో కాగితమే చెప్తుంది. నోటిమాటగా కాదంటే ఆ ఆధారం కూడా ఉండదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
ఇయ్యాల లెటర్ ఇచ్చిన. మేడం చదివి డ్రాయర్ ల పెట్టుకున్నది, ఏం అనలే. అక్నాలెడ్జ్‌మెంట్ అడిగితే తర్వాత చూద్దం అన్నది.

రిటైర్డ్_హెడ్‌నర్స్_గుంటూరు:
ఆవిడ్ని మళ్లీ అడగొద్దు. అదే లెటర్ ఇంకో కాపీ తీసుకుని ఆఫీస్ లో లెటర్లు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్ కి వెళ్లు, స్టాంప్, నంబర్ వేయించుకో. వాళ్లూ తీసుకోకపోతే మెడికల్ సూపరింటెండెంట్ పేరుతో స్పీడ్ పోస్ట్ చెయ్, ఆ రసీదు ఇంట్లో పెట్టు, హాస్టల్ రూమ్ లో కాదు.