లో-లెవెల్‌లో (చిప్‌తో నేరుగా మాట్లాడుతూ) రాస్తున్న దూడ ఆట: 17 నిమిషాలకే చచ్చిపోతోంది, ఎవరైనా చూడండి

పటమట_పిక్సెల్ · రాత్రి 11:52
సాయంత్రం ఆరింటి నుంచి దీని మీదే కూర్చున్నాను, బుర్ర పనిచేయట్లేదు. చిన్న చిప్ బోర్డుకి తగిలించిన ఓఎల్ఈడీ తెర మీద ఒంగోలు దూడని పెంచే చిన్న ఆట. మూడు బటన్లు: మేత, ఆట, కడగడం. "కడుపు" అనే వేరియబుల్ 100 దగ్గర మొదలై పది నిమిషాలకి ఒకటి చొప్పున తగ్గాలి. సున్నాకి వస్తే దూడ పోతుంది. ఆ లెక్కన ఏమీ పెట్టకపోయినా పదహారు గంటల పైనే బతకాలి. నాది 17 నిమిషాలకే పోతోంది! ఒక్కోసారి పోవాల్సిన టైములో పోకుండా, ఆట బటన్ నొక్కగానే కడుపు 254 అయిపోతోంది. కంపైలర్ (కోడ్‌ని చిప్ భాషలోకి మార్చేది) ఒక్క తప్పు కూడా చూపలేదు. ఇదే కోడ్ మా ఫ్రెండ్ బోర్డులో రాత్రంతా బాగానే నడిచింది. వైర్లు మూడుసార్లు మార్చాను. తెర పోయిందంటారా?

వోల్టు · 11:55
ఏ బోర్డు?

పటమట_పిక్సెల్ · 11:57
మామూలు ఆర్డునోనే అండి.

వోల్టు · 11:58
అది జవాబు కాదు. చిప్ మీద ఏం రాసుంది? ఫ్రెండ్‌ది ఏ చిప్? టైము లెక్కపెట్టే లైను ఏది?

నల్లపాడు_రిజిస్టర్ · రాత్రి 12:04
లో-లెవెల్ అని రాశారు కాబట్టి ఒక మాట. ఆర్డునో లైబ్రరీలు పెట్టుకుని రాస్తే అది లో-లెవెల్ కాదు. డిజిటల్‌రైట్ అనే రెడీమేడ్ ఆదేశం ఒక్క పిన్ను మార్చడానికి 16 మెగాహెర్ట్జ్ దగ్గర మూడు నాలుగు మైక్రోసెకన్లు తింటుంది. అదే పోర్టు రిజిస్టర్‌లో ఆ బిట్‌ని నేరుగా మారిస్తే రెండే క్లాకులు (చిప్ టిక్కులు). 1996లో బందాయ్ వదిలిన మొదటి టమగోచీ అనే పెంపుడు పిల్ల ఆటబొమ్మలో ఉన్నది 4-బిట్ చిప్, తెర 32×16 చుక్కలు. పిల్ల పుట్టడం, తినడం, పడుకోవడం, చావడం అన్నీ అందులోనే ఇమిడ్చారు. ఈ ఆటలు నేర్చుకోదగ్గవి అయ్యేది అందుకే. డేటాషీట్ తెరిచి టైమర్ మీరే నడపండి, ప్రతి బిట్ ఎందుకుందో అర్థమవుతుంది.

వోల్టు · 12:06
దానికీ దూడ చావడానికీ సంబంధం లేదు.

నల్లపాడు_రిజిస్టర్ · 12:09
ఉంది. ఇంట్ (పూర్ణ సంఖ్య పెట్టే చోటు) ఎన్ని బిట్లో చూసుకోకుండా రాస్తే ఇలాగే అవుతుంది. సమస్య మూలం అక్కడే ఉందని నా అనుమానం. లైను పెట్టమనండి.

పటమట_పిక్సెల్ · 12:15
సారీ అండి. నాది నానో, చిప్ మీద మెగా328పీ అని ఉంది. ఫ్రెండ్‌ది ఈఎస్‌పీ32. లైను ఇది: గ్యాప్ = 10 * 60 * 1000. మిల్లీస్‌లోంచి (బోర్డు ఆన్ అయ్యాక గడిచిన మిల్లీసెకన్ల లెక్క) పాత టైము తీసేసి, వచ్చినదాన్ని గ్యాప్‌తో పోలుస్తున్నాను. గ్యాప్‌ని అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని పెద్ద సంఖ్య) గానే పెట్టాను, కాబట్టి తప్పు అక్కడ ఉండదు.

బ్రాడీపేట_టంకం · 12:24
తప్పు అక్కడే ఉంది. మీ తెర బాగుంది, ఇంక వైర్లు పీకకండి.

నానోలో ఇంట్ అంటే 16 బిట్లు, 32,767 దాటితే పట్టదు. మీరు రాసిన 10, 60, 1000 మూడూ ఇంట్‌లే. అందుకని కంపైలర్ ఆ గుణకారాన్ని ఇంట్‌లోనే చేస్తుంది, చేశాకే తెచ్చి అన్‌సైన్డ్ లాంగ్‌లో పోస్తుంది. మానెడు గిన్నెలో కొలిచి బిందెలో పోసినట్టు. బిందె ఎంత పెద్దదైనా, గిన్నెలోంచి పొర్లింది తిరిగి రాదు. రావాల్సింది 6,00,000. అందులోంచి 65,536ని తొమ్మిదిసార్లు తీసేస్తే, అంటే 5,89,824 పోతే, మిగిలేది 10,176. అంటే పది నిమిషాలు కాదు, పది సెకన్లకి ఒకసారి కడుపు తగ్గుతోంది. వంద తగ్గడానికి 1,017 సెకన్లు. పదహారు నిమిషాల యాభై ఏడు సెకన్లు. మీ 17 నిమిషాలు ఇవే.

ఈఎస్‌పీ32లో ఇంట్ 32 బిట్లు, 6 లక్షలు హాయిగా పడుతుంది. మీ ఫ్రెండ్ దూడ బతికింది అందుకే. ఆ ఒక్క సంగతి మొదటే చెప్పి ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది.

చేయాల్సింది: మొదటి అంకె 10 పక్కనే, ఖాళీ వదలకుండా, యూ, ఎల్ అక్షరాలు తగిలించండి. చివరి 1000కి పెట్టినా మీ లైనుకి సరిపోతుంది, ఎందుకంటే 10 * 60 అంటే 600, అది ఇంట్‌లో పడుతుంది. కానీ రేపు 10ని 600 చేశారనుకోండి, 600 * 60 దగ్గరే 36,000 అయి పొంగుతుంది. మొదటి అంకెకే పెట్టడం అలవాటు చేసుకోండి.

కంపైలర్ తప్పు చూపలేదన్నారు. చూపేదే, దాని నోరు నొక్కేసి ఉంది. ప్రిఫరెన్సెస్‌లో కంపైలర్ వార్నింగ్స్ "నన్" మీద ఉంటుంది, "ఆల్" చేయండి. ఈ లైనుకే ఓవర్‌ఫ్లో అని ఎర్రగా వస్తుంది.

254 సంగతి వేరు. కడుపు 8 బిట్ల అన్‌సైన్డ్ అయి ఉండాలి, అంటే 0 నుంచి 255 దాకానే. 3 ఉన్నప్పుడు ఆట కోసం 5 తీస్తే మైనస్ 2 రాదు, చుట్టు తిరిగి 254 అవుతుంది. ముందు పోల్చి ఆ తర్వాత తీయండి: కడుపు 5 కంటే ఎక్కువుంటే 5 తీయాలి, లేకపోతే నేరుగా సున్నా చేయాలి. మేత వైపు కూడా అంతే, 100 దగ్గర ఆపండి.

పటమట_పిక్సెల్ · 12:31
చూస్తానండి. ఇంకోటి కూడా ఉంది. కరెంటు పోయి వస్తే దూడ మళ్ళీ మొదటి నుంచి పుడుతోంది. లూప్‌లో సెకనుకోసారి అన్నీ మెమరీలో రాసేస్తే సరిపోతుందా?

గొల్లపూడి_గేట్ · 12:40
ఏ మెమరీ? అందులో మూడున్నాయి. కోడ్ ఉండే ఫ్లాష్ 32 కేబీ, కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోయే ర్యామ్ 2 కేబీ, మీక్కావాల్సిన ఈప్రామ్ 1 కేబీ. మూడింటినీ కలిపి మెమరీ అనడం వల్లే సగం గొడవలు వస్తాయి. తెర బఫర్ (తెర మీద చూపే బొమ్మ కాపీ) ఒక్కటే 1,024 బైట్ల ర్యామ్, అంటే సగం. అది నడిచేటప్పుడు తీసుకునే లైబ్రరీ అయితే కంపైలర్ చూపే లెక్కలో కనపడదు. "43 శాతమే వాడాను కదా" అనుకుంటూ ఉండగా తెర నల్లబడిపోతుంది. దూడ బొమ్మలన్నీ ప్రాగ్‌మెమ్ అనే మాటతో ఫ్లాష్‌లో పెట్టండి. 16×16 బొమ్మకి 32 బైట్లే.

ఇక సెకనుకోసారి ఈప్రామ్‌లో రాయడం మాత్రం వద్దు. ఒక్కో బైట్ లక్ష సార్లు రాయడానికే హామీ. సెకనుకొకటి అంటే లక్ష సెకన్లు, 28 గంటలు కూడా నిండవు. కడుపు మారినప్పుడు మాత్రమే రాస్తే పది నిమిషాలకొకటి, దగ్గర దగ్గర 694 రోజులు. ఇంకా మంచి పద్ధతి: 8 బైట్ల రికార్డు చేయండి. అందులో వరస నంబరు, కడుపు, హుషారు, శుభ్రం, వయసు, చివర చెక్‌సమ్ (రాత చెడిందో లేదో తేల్చే అంకె). 1,024 బైట్లలో అలాంటివి 128 పడతాయి. ఒకదాని తర్వాత ఒకటి చుట్టూ తిరుగుతూ రాయండి, అరుగుదల 128 చోట్లకి పంచుకుంటుంది. ఆన్ అయ్యాక, చెక్‌సమ్ సరిపోయిన వాటిలో ఆఖరున రాసినదాన్ని తీసుకోండి. ఒక్క బైట్ రాయడానికి 3.3 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ మధ్యలో కరెంటు పోతే సగం రాత మిగులుతుంది. చెక్‌సమ్ అందుకే. కొత్త చిప్‌లో ప్రతి బైటూ 255 ఉంటుంది, అది కూడా చూసుకోండి. లేకపోతే దూడ పుట్టగానే కడుపు 255.

నల్లపాడు_రిజిస్టర్ · 12:47
కాయిన్ సెల్ మీద పెట్టే ఆలోచన ఉంటే నిద్ర సంగతి ఇప్పుడే చూసుకోండి. నానో మీద ఎర్ర లైటు, రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్ ఊరికే కరెంటు తాగుతుంటాయి, సీఆర్2032 సెల్ తట్టుకోదు.

పటమట_పిక్సెల్ · 12:50
నిద్ర పెట్టానండి, రాత్రి పదింటికి దూడ కళ్ళు మూసుకుంటుంది.

నల్లపాడు_రిజిస్టర్ · 12:56
దూడ నిద్ర కాదు, చిప్ నిద్ర. పవర్-డౌన్‌లోకి (గాఢ నిద్రలోకి) వెళ్తే టైమర్ 0 ఆగుతుంది, దాంతో మిల్లీస్ కూడా ఆగుతుంది. చిప్ పడుకున్నంతసేపూ దూడకి ఆకలే వేయదు. వాచ్‌డాగ్‌తో (చిప్‌లోని విడి టైమర్) 8 సెకన్లకోసారి లేపి లెక్కపెట్టుకోండి, 75 సార్లు లేస్తే పది నిమిషాలు.

బ్రాడీపేట_టంకం · 1:02
ఆ 8 సెకన్లు నికరం కాదు. వాచ్‌డాగ్‌కి టిక్కులిచ్చే ఆసిలేటర్ వోల్టేజీతో, వేడితో మారుతుంది. బెజవాడలో మే నెల మధ్యాహ్నం ఒకలా, ఏసీ గదిలో ఒకలా నడుస్తుంది. దూడకి పర్లేదు గానీ, గడియారం చూపించాలంటే డీఎస్3231 అనే గడియారం మాడ్యూల్ పెట్టుకోవాలి.

నల్లపాడు_రిజిస్టర్ · 1:05
మాడ్యూల్ ఎందుకు? విడి చిప్‌ని లోపలి 8 మెగాహెర్ట్జ్‌తో నడిపి, క్రిస్టల్ పిన్నులకి 32.768 కిలోహెర్ట్జ్ వాచీ క్రిస్టల్ పెట్టి, టైమర్ 2ని 128తో భాగిస్తే సరిగ్గా సెకనుకో ఇంటరప్ట్ (చిప్‌ని లేపే పిలుపు). పవర్-సేవ్ నిద్రలో కూడా నడుస్తుంది.

వోల్టు · 1:06
అతని దగ్గరున్నది నానో. క్రిస్టల్ పిన్నుల మీద ఇప్పటికే 16 మెగాహెర్ట్జ్ ఉంది.

పటమట_పిక్సెల్ · 1:09
యూఎల్ పెట్టాను. అరగంట దాటింది, కడుపు 97. థాంక్సండి అందరికీ. డీఎస్3231 నా దగ్గర ఒకటి ఉంది, రేపు సీఆర్2032 వేసి పెడతాను.

బ్రాడీపేట_టంకం · 1:11
ఆగండి. నీలం బోర్డు మాడ్యూలా? అయితే అందులో సెల్‌ని ఛార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది, సీఆర్2032ని ఛార్జ్ చేయకూడదు. డయోడ్ పక్కన 201 అని రాసిన రెసిస్టర్ ఉందేమో చూడండి. అది తీశారా?