పెరట్లో యాష్ చెట్లకు పచ్చ పెంకు పురుగు: మందు ఎక్కించాలా, కొట్టించాలా?

నోవై నివాసి:
మిషిగన్ రాష్ట్రం నోవైలో మేము ఈమధ్య కొన్న ఇంటి పెరట్లో రెండు పెద్ద యాష్ చెట్లు ఉన్నాయి. మొదటిది నిండుగా ఆకు వేసింది. రెండవదానికి మాత్రం పైకొమ్మలలో ఆకు పలచబడింది, మొదలు నుంచి పిలకలు గుబురుగా లేచాయి, వడ్రంగి పిట్టలు బెరడు పైపొరను చెక్కడంతో కాండం మీద లేత రంగు మచ్చలు ఏర్పడ్డాయి. చెట్ల పని చేసే ఒక సంస్థ రెండింటినీ కొట్టించమంటోంది, మరొకటి రెండింటికీ మందు ఎక్కిస్తామంటోంది. ఎవరి లాభం వారికి ఉంటుంది కనుక, ఈ పచ్చ పెంకు పురుగు (ఎమరాల్డ్ యాష్ బోరర్) సమస్యను ఎదుర్కొన్నవారి అనుభవం తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కాంటన్ పాతకాపు:
ముందుగా అది యాష్ చెట్టేనని రూఢి చేసుకోండి. మౌంటెన్ యాష్‌ను చూసి భయపడేవారు చాలామంది ఉన్నారు. పేరు కలిసినా అది గులాబీ కుటుంబపు చెట్టు, ఈ పురుగు దాని జోలికి రాదు. అసలు యాష్‌కు కొమ్మలు ఎదురెదురుగా జతలుగా పుడతాయి, ఆకు వేపరెమ్మ వలె ఒకే ఈనెకు అటూ ఇటూ చిరుఆకులతో ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలకు తోడు కాండం మీద ఇంగ్లీషు 'డి' అక్షరం ఆకారంలో, 3 లేక 4 మిల్లీమీటర్ల రంధ్రాలు కూడా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

ఈ పురుగును అమెరికాలో మొదట గుర్తించినది మన డెట్రాయిట్ పరిసరాలలోనే, 2002లో. అదే ఏడాది నది అవతల కెనడాలోని విండ్సర్‌లోనూ బయటపడింది. ఆసియా నుంచి వచ్చిన సరుకుల చెక్క పెట్టెలలో చేరి 1990లలోనే దిగి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. ఆగ్నేయ మిషిగన్‌లో పరిశోధకులు గమనించిన అడవులలో 99 శాతానికి పైగా యాష్ చెట్లు చనిపోయాయి. అటువంటి చోట మీ మొదటి చెట్టు నిండుగా నిలిచి ఉన్నదంటే పాత యజమాని మందు వేయించి ఉండాలి. మొదలు చుట్టూ వరుసగా చిన్న రంధ్రాలు, వాటిలో ప్లాస్టిక్ బిరడాలు ఉన్నాయేమో చూడండి.

ఒహాయో కీటకశాస్త్రి:
బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి ఇక్కడ కీటకశాస్త్రంలో పనిచేస్తున్నాను. చెట్టును చంపేది పైకి కనిపించే పచ్చ పెంకు పురుగు కాదు. అది కాస్త ఆకు కొరికి ఊరుకుంటుంది. బెరడు పగుళ్లలో అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే లార్వాలు బెరడుకూ చెక్కకూ మధ్యనున్న మెత్తని పొరను తింటూ మెలికలు మెలికలుగా సొరంగాలు చేయడంతో, ఆకులలో తయారైన ఆహారం వేర్లకు దిగే దారులూ, నీరు పైకి ఎక్కే దారులూ తెగిపోతాయి. నష్టం కొమ్మల చివరల నుంచి మొదలవుతుంది కనుక కింద నిలబడి చూసేవారికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆసియాలో పుట్టిన మంచూరియన్ యాష్ దీనిని చాలావరకు తట్టుకుంటుంది. ఇక్కడి ఆకుపచ్చ, తెల్ల, నల్ల యాష్ రకాలకు ఆ శక్తి లేదు.

మందు విషయానికి వస్తే, మన మిరప, కంది రైతులకు బాగా తెలిసిన ఎమామెక్టిన్ బెంజోయేటే ఇక్కడా ప్రధానమైనది. కాకపోతే దీనిని పిచికారీ చేయరు. మొదలు దగ్గర రంధ్రాలు వేసి ఒత్తిడితో కాండంలోకి ఎక్కిస్తారు. ఆకు పూర్తిగా విప్పుకున్న తరువాత, మే మధ్య నుంచి జూన్ మధ్య వరకు, నేలలో తేమ ఉన్నప్పుడు వేయిస్తే చెట్టు త్వరగా లాగుకుంటుంది, రెండేళ్లు, కొన్నిసార్లు మూడేళ్లు రక్షణ ఉంటుంది. నేలలో పోసే ఇమిడాక్లోప్రిడ్ చవకే గాని ఏటా పోయాలి, పెద్ద చెట్ల విషయంలో అంత నమ్మదగినది కాదు, చుట్టూ పూల మొక్కలు ఉంటే తేనెటీగలకు ప్రమాదం కూడా. ఏ మందైనా పైకి ఎక్కాలంటే లోపలి దారులు మిగిలి ఉండాలి. అందుకే పైభాగంలో మూడో వంతు ఆకు పోయిన చెట్టు మీద డబ్బు పెట్టవద్దని నా సలహా. సగం పోయినా ఆశ ఉందనేవారు ఉన్నారు, నేను అంత ధైర్యం చేయను.

నేపర్‌విల్ లెక్కలు:
కాండం వ్యాసాన్ని అంగుళాలలో కొలిచి మందుకు ధర కడతారు, చెట్టు బతికినంతకాలం అది కడుతూనే ఉండాలి, పైగా చెట్టు లావెక్కినకొద్దీ ధర పెరుగుతుంది. ఈ లెక్క ఎవరూ ముందుగా చెప్పరు. డచ్ ఎల్మ్ తెగులుకు ఎల్మ్ చెట్లు పోయినప్పుడు నగరాలు వీధుల పొడవునా యాష్ నాటాయి. ఇప్పుడు యాష్ పోతే మా కాలనీలో వీధంతా మేపుల్ చెట్లే నాటుతున్నారు, అదే పొరపాటు మళ్లీ. రెండింటినీ తీయించి ఓక్, హాక్‌బెరీ, లిండెన్ వంటివి కలిపి నాటడమే మేలని నా అభిప్రాయం.

ఒహాయో కీటకశాస్త్రి:
కలిపి నాటాలన్న మాటను పూర్తిగా అంగీకరిస్తాను. అయితే మీ లెక్కలో పెద్ద చెట్టును కొట్టించే ఖర్చునూ, అది ఇచ్చే నీడ విలువనూ కూడా చేర్చాలి. ఈ పురుగుకు చచ్చిన యాష్ త్వరగా పెళుసెక్కుతుంది. దాని మీదికి ఎక్కడానికి పనివారు ఒప్పుకోరు, క్రేన్ తెప్పించవలసి వస్తుంది. మందు వద్దనుకుంటే చెట్టు బతికి ఉండగానే తీయించాలి. ఏ నిర్ణయమూ తీసుకోకుండా వదిలేయడమే అన్నిటికంటే ఖరీదు.

ఫ్రిస్కో మల్లెలు:
యాష్, మల్లె, పారిజాతం ఒకే కుటుంబానికి చెందినవని విన్నాను. ఈ పురుగు 2016లో టెక్సస్‌కూ వచ్చింది కదా, మా కుండీలలోని మల్లెలకు ముప్పు ఉందా?

ఒహాయో కీటకశాస్త్రి:
కుటుంబం ఒకటే. అదే కుటుంబానికి చెందిన వైట్ ఫ్రింజ్‌ట్రీ అనే చిన్న చెట్టులోనూ ఈ పురుగు పెరుగుతున్నట్లు 2014లో మా ఒహాయోలోనే గుర్తించారు. అయితే సుమారు అంగుళం కంటే సన్నని కాండంలో లార్వా నిలదొక్కుకోవడం కష్టం కనుక మీ మల్లెల గురించి దిగులు పడవద్దు.

హిల్స్‌బరో వాసి:
ఒరెగాన్ రాష్ట్రంలో మా పక్క ఊరు ఫారెస్ట్ గ్రోవ్‌లో 2022 జూన్ 30న ఈ పురుగు దొరికింది. అమెరికా పశ్చిమ తీరంలో అదే మొదటిసారి. వేసవి శిబిరం నుంచి పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చిన ఒక తండ్రి, వృత్తిరీత్యా జీవశాస్త్రవేత్త కావడం వల్ల, బడి ఆవరణలో ఎండిపోతున్న యాష్ చెట్లను చూసి అనుమానించారు. పురుగు రాకముందే ఇక్కడ ఒరెగాన్ యాష్ విత్తనాలను సేకరించి భద్రపరచడం మొదలైంది. వాగుల ఒడ్డున నీటికి నీడనిచ్చే చెట్టు అదే కనుక, మాకు ఇది పెరటి సమస్య మాత్రమే కాదు. మా వాషింగ్టన్ కౌంటీ నుంచి యాష్ కట్టెలు బయటికి తీసుకువెళ్లకుండా రాష్ట్ర వ్యవసాయ శాఖ ఆంక్షలు పెట్టింది.

కాంటన్ పాతకాపు:
కట్టెల గురించి నేను గట్టిగానే చెప్పాలనుకుంటున్నాను. ఈ పురుగు తనంతట తాను ఏడాదికి కొద్ది మైళ్ల దూరమే పోగలదు. కొలరాడోలోని బౌల్డర్‌లో 2013లో తేలిందంటే మనుషులు మోసుకుపోయినందువల్లనే. తొలినాళ్లలో దీనిని ఆపడానికి చేయని ప్రయత్నం లేదు. ఒంటారియోలోని చాథమ్-కెంట్ ప్రాంతంలో 2004లో సుమారు 10 కిలోమీటర్ల వెడల్పున యాష్ అన్నదే లేకుండా నరికించారు, పురుగు అప్పటికే అవతలికి చేరి ఉంది. మిషిగన్ రెండు భాగాలను కలిపే మన మాకినాక్ వంతెన దగ్గర వాహనాలలోని కట్టెలను తనిఖీ చేసేవారు, అయినా 2005లో వంతెన అవతల బ్రిమ్లీ స్టేట్ పార్కులో బయటపడింది.

అమెరికా కేంద్ర ప్రభుత్వం యాష్ కట్టెల రవాణా మీద తన ఆంక్షలను 2021 జనవరి 14 నుంచి ఎత్తివేయడంతో ప్రమాదం తీరిందని అనుకుంటున్నవారు ఉన్నారు. ఆంక్షలు పురుగును ఆపలేకపోయాయి కనుక ఆ డబ్బును ఇతర మార్గాలకు మళ్లించారు, అంతే. రాష్ట్రాల నియమాలు వేరుగా ఉన్నాయి. న్యూయార్క్‌లో వేడిచేసి శుద్ధి చేయని కట్టెలను 50 మైళ్లకు మించి తీసుకువెళ్లరాదు. వనభోజనాలకూ క్యాంపింగ్‌కూ వెళ్లే మన కుటుంబాలు ఇంటి దగ్గరి కట్టెలను కారులో వేసుకుపోవద్దు, అక్కడ మిగిలినవి తెచ్చుకోవద్దు.

ఒహాయో కీటకశాస్త్రి:
ఆ ఇతర మార్గాలలో ముఖ్యమైనవి మిత్ర పురుగులు. చైనా, రష్యాల నుంచి తెచ్చిన నాలుగు జాతుల చిన్న కందిరీగలను మిషిగన్‌లోని బ్రైటన్ కేంద్రంలో పెంచి విడుదల చేస్తున్నారు. ఈ పని 2007లో మొదలైంది. ఒకటి గుడ్లను, మిగిలిన మూడు లార్వాలను దెబ్బతీస్తాయి. 2016లో పొల్లాచిలో కనిపించి తరువాత మన గోదావరి జిల్లాల కొబ్బరిని పట్టిన సర్పిలాకార తెల్లదోమకు కూడా ఎన్‌కార్సియా అనే కందిరీగే ప్రధాన శత్రువు. తేడా ఏమిటంటే, తెల్లదోమ పట్టిన కొబ్బరి కోలుకోగలదు. యాష్ విషయంలో అంత వ్యవధి ఉండదు. ఈ కందిరీగలలో ఎక్కువగా స్థిరపడినది సన్నని బెరడున్న లేత చెట్లలోనే బాగా పనిచేస్తుంది, మందపాటి బెరడు దాటి లార్వాను అందుకోలేదు. కనుక ఇవి అడవిలో మళ్లీ మొలుస్తున్న పిల్ల చెట్లను కాపాడవచ్చు గాని, మీ పెరటి చెట్టును కాదు.

నోవై నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. పాతకాపు గారు చెప్పినట్లే మొదటి చెట్టు మొదలులో బిరడాలు ఉన్నాయి. దానికి వచ్చే మే నెలలో మందు ఎక్కిస్తాము. రెండవదానికి సగం పైగా ఆకు పోయింది కనుక తీయిస్తాము. దాని కట్టెలను మా ఇంటి చలిమంటకే దాచుకోవచ్చునా?

కాంటన్ పాతకాపు:
మీ ఆవరణ దాటనంతవరకు దాచుకోవచ్చు. అయితే కొట్టిన కట్టెల నుంచి కూడా పెంకు పురుగులు రెండేళ్ల దాకా బయటికి రాగలవు, పక్కనే మీ మంచి చెట్టు ఉంది. కనుక ఆకు రాలిన తరువాత చలికాలంలో కొట్టించి, మే నెలకు ముందే కాల్చివేయడమో, మిగిలిన దానిని అంగుళం కంటే చిన్న ముక్కలుగా యంత్రంలో ఆడించడమో చేయండి. ఆ ముక్కలను మొక్కల మొదళ్ల చుట్టూ పరుచుకోవచ్చు.