ఇంట్లో యూవీబీ కాంతిచికిత్స: మోకాళ్లపై పొట్టు తగ్గడం లేదు
నాకు మోచేతులపైన, మోకాళ్లపైన సోరియాసిస్ (చర్మంపై పొట్టు కట్టే వ్యాధి) ఉంది. విజయనగరంలోని ఒక క్లినిక్‌లో వారానికి 3 సార్లు చొప్పున 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కాంతి) చికిత్స 18 విడతలు తీసుకోగా మోచేతులు దాదాపు నునుపుగా మారాయి. రాజాం నుంచి బస్సులో వెళ్లిరావడానికే పూటంతా పోతుండడంతో, డాక్టరు గారి అనుమతితో చేతిలో పట్టుకునే పరికరం కొని 2 నెలలుగా ఇంట్లోనే వాడుతున్నాను.

మోకాళ్లపై మాత్రం వెండిరంగు పొట్టు మళ్లీ మందంగా కడుతోంది. ముందురోజు రాత్రి కొబ్బరినూనె రాసి, స్నానంలో పొట్టును మెత్తబరిచి, ఆయన చెప్పిన ప్రకారం సమయాన్ని 40 సెకన్ల నుంచి 90 సెకన్ల వరకు పెంచినా, కాంతి సరిపడా తగిలిందనడానికి గుర్తుగా కనిపించే లేత ఎరుపు కూడా రావడం లేదు. మోకాలిచిప్ప వంపు వల్ల పరికరం అంచు ఒక పక్కనే ఆనుతోంది, రెండో పక్క వేలు పట్టేంత సందు మిగులుతోంది. లోపం అక్కడే ఉందని నా అనుమానం.

ఇటువంటి పరికరం వాడుతున్నవారు, మోకాలిచిప్పపై కాంతి సమానంగా పడేందుకు కాలిని ఎలా ఉంచుతున్నారో దయచేసి చెప్పగలరా?